అటక మీది వీణ



పోయిన వేసవిలో మార్కాపురంలోని మా ఇంటికి పాతసామాన్లు కొనే ఆయన వచ్చాడు. అటక మీది ఇత్తడి గంగాళానికి బేరమాడుతూ మూలనున్న వీణను చూశాడు. అంతే, గంగాళం సంగతే మరిచిపోయాడు! "ఇదిచ్చేయండమ్మా, పాలిష్ కొట్టించి హోటలు హాల్లో పెట్టిస్తాను" అన్నాడు. మా అత్తయ్య లోపల్నుంచే "అమ్మాయ్, అది అమ్మేది కాదని చెప్పు" అన్నారు. 1972లో ఆవిడ పెళ్లికి పుట్టింటివాళ్లు బొబ్బిలి నుంచి తెప్పించిన వీణట అది. మరి చేసినవారెవరు అని అడిగితే ఆవిడకు గుర్తు లేదు. అడుగుదామంటే తెచ్చినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. నా మనసు చివుక్కుమంది.

పేరుకు అంత విలువేమిటంటారా? హవాయి దీవుల కథ ఒకటి వినండి. 1879 ఆగస్టులో పోర్చుగీసువారి మదీరా దీవి నుంచి ఒక ఓడ హొనొలులు చేరింది. చెరకుతోటల పనికని వచ్చిన ఆ జనంలో మాన్యుయెల్ నూనెజ్, అగస్టో డయాస్, జోసె డో ఎస్పిరిటో శాంటో అని ముగ్గురు వడ్రంగులున్నారు. వాళ్లు తమ ఊరి చిన్న వాయిద్యాన్ని అక్కడ దొరికే కోవా కర్రతో చేయడం మొదలుపెట్టారు. నాలుగు తీగల ఆ బుల్లి వాయిద్యమే ఉకులేలే. కలాకావా రాజుగారు దాన్ని ఆదరించారు. ఇవాళ పాత వాయిద్యాలు సేకరించేవాళ్లు ఆనాటి ఉకులేలేల కోసం ఎక్కడెక్కడో వెతుకుతున్నారు. చేతికి రాగానే పొట్టలోపల అంటించిన చీటీ మీద చేసినవారి పేరు ఉందా అని చూస్తారు. కర్ర అసలుదేనా, పైపూత మార్చారా అనీ చూస్తారు.

మన వీణ చరిత్ర ఇంతకన్నా పాతది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట బూడిదైన కథ మనకు తెలిసిందే. 1964లో వచ్చిన సినిమా కూడా చాలామంది చూసే ఉంటారు. కానీ ఆ సంస్థానం ప్రాపకంలో పెరిగిన వీణను మాత్రం అంతగా తలుచుకోం. బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశాలవారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. ఈ పని 17వ శతాబ్దం నుంచీ ఉందని చెబుతారు. కుండ, దండి వేరువేరుగా చేసి అతికించకుండా ఒకే పనసమానులో తొలుస్తారు. అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. మెట్లు 24, తీగలు ఏడు. నాలుగు తీగలు మెట్ల మీద పలికితే, మూడు పక్కనుండి తాళం వేస్తాయి. ఈమని శంకరశాస్త్రిగారు, చిట్టిబాబుగారు వాయిస్తుంటే రేడియో దగ్గర కూర్చుని విన్న తరం మా అమ్మది. ఇప్పుడు పెద్ద వీణకు పనికొచ్చే పనసమాను దొరకడమే కష్టమవుతోంది. బహుమతులకిచ్చే చిన్న చిన్న వీణలే ఎక్కువగా అమ్ముడవుతున్నాయట. అంటే మన ఇళ్లలో ఉన్న పాత వీణ ఒక్కటి పోయినా పోయినట్టే కదూ!

పదో తరగతి చదువుకున్న నేను చెప్పేది పెద్ద శాస్త్రమేమీ కాదు. మెట్లను నిలబెట్టేది బొగ్గుపొడి కలిపిన మైనం. మా ఊరి మే నెల ఎండకు అటక మీద ఆ మైనం మెత్తబడి మా వీణ మెట్లు ఒరిగిపోయాయి. కనుక వీణను అటకెక్కించకండి. తీగలు కాస్త సడలించి, నూలుగుడ్డ కప్పి, ఎండ తగలని గదిలో పెట్టండి. కుర్చీలకూ బల్లలకూ కొట్టే వార్నిష్ దానికి కొట్టించకండి. మరమ్మతు ఏదైనా వీణపని తెలిసినవారి చేతనే చేయించండి.

ఇంకొక్క మాట. మాది పలకల ఊరు. పలక మీది రాత చెయ్యి తగిలితే చెరిగిపోతుంది, పెద్దవాళ్ల జ్ఞాపకమూ అంతే. అందుకే వాళ్లుండగానే ఆ వీణ ఎవరు చేశారో, ఎప్పుడు కొన్నారో, ఎవరు వాయించారో అడిగి కాగితం మీద రాసి వీణతోపాటే దాచండి. మా చీటీలో చేసినవారి పేరు దగ్గర ఖాళీగానే వదిలాను. దాని కింద అత్తయ్య పేరు రాశాను. మెట్లు సరిచేయించిన రోజున ఆవిడ చాలా ఏళ్ల తర్వాత వీణ ముందు కూర్చుని సరళీస్వరాలు వాయించారు.

మీ అటక మీద ఏముందో ఈ ఆదివారం ఒకసారి చూస్తారు కదూ?