బరపాసారస్‌కు అరలో చోటు

బెంగళూరు నేలలో రాక్షసబల్లుల ఎముకలు దొరకవు. లాల్‌బాగ్‌లో గుట్టగా పైకి తేలి కనిపించే నైస్ శిల వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. మొదటి రాక్షసబల్లులు పుట్టి 23 కోట్ల ఏళ్లు దాటింది, అంతే. ఆ రాయి గట్టిపడే నాటికి వాటి ఊసే లేదు. బెళ్ళందూరు కింద ఉన్నదీ ఆ కోవకు చెందిన ప్రాచీన శిలే. 2007లో మహానగర పాలికెలో కలిసేదాకా గ్రామ పంచాయతీగా ఉన్న ఈ ఊళ్లో ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా ఆఫీసులు, వాటి వెనక వరసగా అపార్ట్‌మెంట్లు. గుంటూరు నుంచీ కడప నుంచీ కరీంనగర్ నుంచీ వచ్చి స్థిరపడిన మనవాళ్లు వాటిలో చాలామందే. వాళ్లలో కొందరి ఇళ్లలో గాజు తలుపుల అరల నిండా టైరనోసారస్‌లూ స్టెగోసారస్‌లూ బారులు తీరి ఉంటాయి. పిల్లాడి పుట్టినరోజుకు కొన్న బొమ్మతో మొదలై, వాడు క్రికెట్‌కు మళ్లాక అమ్మో నాన్నో అందుకుని కొనసాగిస్తున్న సేకరణలవి.

ఈ సరదాకు నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో రెండు పాయలు కలిశాయని నా నమ్మకం. ఒకటి లండన్ శివార్లలో పుట్టి, మ్యూజియంల మీదుగా మన దాకా వచ్చింది. రెండోది మొదటి నుంచీ మన ఇళ్లలోనే ఉంది. రెండూ కలిసిన ఈ చోట మన గోదావరి లోయ రాక్షసబల్లికి మాత్రం ఇంకా సరైన స్థానం దక్కలేదు. నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది ఆ వెలితే.

'డైనోసారియా' అన్న పేరును రిచర్డ్ ఓవెన్ 1842లో పెట్టాడు. పన్నెండేళ్లకే వాటికి నిలువెత్తు బొమ్మలు వచ్చేశాయి. లండన్‌కు దక్షిణాన సిడెన్‌హమ్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌ను తిరిగి కట్టినప్పుడు, ఆ తోటలోని చెరువు చుట్టూ నిలపడానికి బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ అనే శిల్పి ఇటుకలతో, సిమెంటుతో ఇగువానడాన్, మెగలోసారస్, హైలియోసారస్‌లను తీర్చాడు. అప్పటికి దొరికినవి కొన్ని పళ్లు, కొన్ని వెన్నుపూసలు, విరిగిన కాళ్ల ఎముకలు. వాటి ఆధారంగానే ఓవెన్ సలహా ఇచ్చాడు, హాకిన్స్ ఊహించాడు. 1853 డిసెంబరు 31 రాత్రి ఇగువానడాన్ అచ్చు లోపలే బల్ల వేసి శాస్త్రవేత్తలకు విందు చేశారు. తర్వాతి జూన్‌లో విక్టోరియా రాణి ప్యాలెస్‌ను ప్రారంభించింది. జనం ఎగబడ్డారు.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన పని హాకిన్స్ ఆ వెంటనే చేశాడు. ఆ పెద్ద విగ్రహాలకు చిన్న నమూనాలు పోతపోసి అమ్మకానికి పెట్టాడు. బడుల కోసం, మ్యూజియంల కోసం అన్నారు గానీ, రాక్షసబల్లిని ఇంటికి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకోవడం అక్కడే మొదలైంది. అమెరికాలో రోచెస్టర్‌కు చెందిన హెన్రీ వార్డ్ తన కేటలాగులో వాటిని చేర్చి దేశమంతా పంపాడు. హాకిన్స్ న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు కూడా ఇలాంటి విగ్రహాలు తలపెట్టాడు. రాజకీయాలు అడ్డొచ్చి, 1871 మే నెలలో కొందరు అతని కార్ఖానాలో చొరబడి వాటిని ముక్కలు చేశారు.

సిడెన్‌హమ్ విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి. నాలుగు కాళ్ల మీద ఖడ్గమృగంలా నిలిచి, ముక్కు మీద కొమ్ముతో ఉంటుంది ఇగువానడాన్. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గు గనిలో పూర్తి అస్థిపంజరాలు బయటపడ్డాక ఆ కొమ్ము నిజానికి బొటనవేలి ముల్లు అని తేలింది. అలాగని ఆ విగ్రహాలను ఎవరూ పగలగొట్టలేదు. 1854లో మనిషికి ఎంత తెలుసో అవి చెబుతాయి కాబట్టి బ్రిటన్ వాటిని వారసత్వ సంపదగా కాపాడుతోంది. సేకరణ విలువ అంతా ఇక్కడే ఉందని నేననుకుంటాను. పాతబడిన బొమ్మ పనికిరానిది కాదు. అది తన కాలపు తెలివికి సాక్ష్యం.

తర్వాతి ఎనభై ఏళ్లు త్వరగా దాటవచ్చు. లోహపు అచ్చులు, మ్యూజియం దుకాణాల కంచు బొమ్మలు కొన్ని వచ్చాయి. ప్లాస్టిక్ వచ్చాకే ఈ సరదా సామాన్యుడికి అందింది. 1950ల మధ్యలో అమెరికాలోని మార్క్స్ కంపెనీ సంచుల్లో పోసి అమ్మిన చవక బొమ్మలతో ఒక తరం పెరిగింది. యేల్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియం గోడ మీద రుడాల్ఫ్ జాలింగర్ 1947లో పూర్తిచేసిన మహాచిత్రం ఛాయలు వాటిలో స్పష్టంగా కనిపిస్తాయి. తోక నేలకు ఈడుస్తూ, నిటారుగా, బద్ధకంగా నిలబడే జీవులవి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో సింక్లెయిర్ చమురు కంపెనీ వాటిని నిలువెత్తున నిలబెట్టింది. కొన్ని నాణేలు వేస్తే అక్కడికక్కడే పోతపోసి వెచ్చవెచ్చని బొమ్మను చేతిలో పెట్టే యంత్రాలూ ఉండేవి.

బొమ్మల మీద శాస్త్రవేత్తల అజమాయిషీ మళ్లీ వచ్చింది 1970లలో. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం ఇన్విక్టా అనే ఇంగ్లిష్ కంపెనీ 1974 నుంచి ఒకే కొలతలో, 1:45లో, ఒంటిరంగు బొమ్మలు తెచ్చింది. 1988లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం ఆమోదంతో సఫారీ కంపెనీ 1:40 కొలతలో మరో వరస మొదలుపెట్టి 2015 వరకూ నడిపింది. ఒకే కొలత పాటించడం చిన్న విషయంగా తోస్తుంది గానీ సేకరణదారుకు అదే ప్రాణం. పక్కపక్కన పెడితేనే ఏది ఎంత పెద్దదో కంటికి తెలుస్తుంది. ఇగువానడాన్ పక్కన డిప్లోడోకస్‌ను ఉంచిన పిల్లవాడికి ఏ పుస్తకమూ చెప్పలేని సంగతి ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

ఈలోగా శాస్త్రం మలుపు తిరిగింది. జాన్ ఆస్ట్రమ్ 1969లో డైనానికస్‌ను వర్ణించి, ఇవి చురుకైన జీవులని వాదించాడు. టైరనోసారస్ నడుము వంగింది, తోక గాల్లోకి లేచింది. 1996లో చైనాలో ఈకల్లాంటి నూగు ఉన్న సైనోసారాప్టెరిక్స్ వెలుగు చూసింది. జర్మనీ శ్లైక్, ఫ్రాన్స్ పాపో, ఆ తర్వాత కలెక్టా, చైనా పీఎన్ఎస్ఓ పోటీ పడి కొత్త రూపాలు దించాయి. సఫారీ 2017లో ఒళ్లంతా ఈకలున్న టైరనోసారస్‌ను తెచ్చింది. అదే ఏడాది దాని చర్మపు ముద్రలను పరిశీలించిన పరిశోధకులు పొలుసులే ఎక్కువని రాశారు. స్పైనోసారస్‌ది ఇంకా విచిత్రమైన కథ. దాని అసలు ఎముకలు 1944లో మ్యూనిక్ మీద పడిన బాంబులకు బూడిదయ్యాయి. 2014లో కురచ కాళ్లతో ఉన్న కొత్త రూపం వచ్చింది, 2020లో తెడ్డులాంటి తోక తేలింది. ఆ మూడు కాలాల బొమ్మలను వరసగా పెట్టిన అరను చూస్తే ఒక శాస్త్రం తనను తాను దిద్దుకున్న తీరు కనిపిస్తుంది. జాతుల వారీగా కన్నా తయారైన సంవత్సరాల వారీగా సర్దిన అరలే నాకు ఎక్కువ ఇష్టం.

మన దేశంలో ఈ మోజుకు నిప్పు రాజేసింది 'జురాసిక్ పార్క్'. 1994లో ఇక్కడ విడుదలై, హిందీ డబ్బింగుతోనూ ఆడింది. అప్పుడు జాతరల్లో, బస్టాండు దుకాణాల్లో దొరికినవి పేరూ ఊరూ లేని రబ్బరు బల్లులే. నాణ్యమైనవి మాల్స్ వచ్చాకే కంటపడ్డాయి. 2020 ఫిబ్రవరిలో బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70కి. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. పిల్లల భద్రతకు ఆ గుర్తు అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. సేకరణదారులకు మాత్రం దుకాణాల అరలు పలచబడ్డాయి. డాలస్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే బావమరిది పెట్టెలో ఒక మూల చోటు అడగడం అప్పటి నుంచి ఇంకా పెరిగింది.

ఇక రెండో పాయ. కోస్తాలో సంక్రాంతికి, రాయలసీమలో, బెంగళూరులో ఎక్కువగా దసరాకు బొమ్మల కొలువు పెడతారు. బేసి సంఖ్యలో మెట్లు, పైన దేవుళ్లు, కన్నడిగుల ఇళ్లలో పట్టద గొంబెలనే రాజారాణుల జంట, కింద పెళ్లి బృందం, శెట్టిగారి అంగడి. ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేర్చాలన్నది పెద్దల మాట. చేర్చి ఊరుకుంటే కుదరదు, పేరంటానికి పిలిచి చూపించాలి. వచ్చినవారు ఈసారి కొత్తదేదని అడగాలి, ఎక్కడ కొన్నారో చెప్పాలి. కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్కపిడతలు, చన్నపట్న గుర్రాలు ఒక తరం నుంచి ఇంకో తరానికి ట్రంకు పెట్టెల్లో పాత చీరల మధ్య భద్రంగా చేరింది ఇలాగే. సేకరించడం, జాగ్రత్త చేయడం, కొత్తది రాగానే తోటివారికి చూపించడం మన ఆడవాళ్లు ఎన్నో తరాలుగా నడిపిన విద్య. దాన్ని ఎవరూ హాబీ అని పిలవకపోయినా అందులోని శ్రద్ధ ఏ మ్యూజియంకూ తీసిపోదు.

కొలువు పక్కన పిల్లలు పార్కు కడతారు. మట్టి పోసి ఆవాలో మెంతులో చల్లితే మొలకలే అడవి, అద్దం ముక్క చెరువు. రాక్షసబల్లి కొలువులోకి అడుగుపెట్టేది ఆ అడవి గుండానే. బెళ్ళందూరు అపార్ట్‌మెంట్లలో దసరా రోజుల్లో ఇల్లిల్లూ తిరిగితే మెంతి మొలకల మధ్య టైరనోసారస్ తల కనబడటం వింత కాదు. తాంబూలానికి వచ్చిన సేకరణదారు దృష్టి ముందు దాని మీదే పడుతుంది. "అక్కా, ఇది ఏ కంపెనీది? స్టాండు లేకుండా నిలబడుతుందా?" అన్న ప్రశ్నతో సంభాషణ మొదలవుతుంది. రెండు కాళ్ల జాతుల బొమ్మలకు అదే పెద్ద చిక్కు. మెత్తటి పీవీసీ ఎండాకాలంలో మడమ దగ్గర వంగి, బొమ్మ ముందుకు బోర్లా పడుతుంది. వేడినీళ్లలో కాసేపు ముంచి, కాలు సరిచేసి, వెంటనే చన్నీళ్లలో పెడితే మళ్లీ నిలబడుతుంది. పాత బొమ్మ జిగురుగా మారితే ప్లాస్టిక్‌లో కలిపిన నూనెలు పైకి వస్తున్నాయని అర్థం. ఇలాంటి మెళకువలు ఒకరి నుంచి ఒకరికి చేరేది ఈ రాకపోకల్లోనే.

అన్నీ ఉన్న ఆ అరల్లో నేను వెతికేది గోదావరి వాళ్లను. ప్రాణహిత గోదావరిలో కలిసే ప్రాంతాన పోచంపల్లి అనే ఊరుంది. చీరల పోచంపల్లి వేరు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భూగర్భ విభాగాన్ని నెలకొల్పి, లండన్ నుంచి పమేలా రాబిన్సన్‌ను పిలిపించాడు. ఆ బృందం 1950ల చివర ఈ లోయలో తిరిగింది. పోచంపల్లి దగ్గర సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి, కనీసం ఆరు జంతువులవి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు. తవ్వకాలు సాగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం. అందుకే 1975లో జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, చటర్జీ దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అస్థిపంజరం కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది.

అదే లోయలో యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వారికి దాదాపు పన్నెండు జంతువుల 840 ఎముక భాగాలు దొరికాయి. పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం చేశాడు. మన ఊరి పేరు శాస్త్రనామంలోనే ఉంది. ఆ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో 2000లో తెరిచిన డైనోసారియంలో ఉంది. సెలవులకు హైదరాబాదు వెళ్లే బెళ్ళందూరు పిల్లలను తప్పకుండా అక్కడికి తీసుకెళ్లమని నేను అడుగుతుంటాను. గుజరాత్ రాజాసారస్‌కు 2003లో పేరు పెట్టాక కలెక్టా బొమ్మ చేసింది. జురాసిక్ యుగపు తొలినాళ్లలో నడిచిన మన పొడుగుమెడల జంటను ఇక్కడి అరల్లో మాత్రం నేను చూడలేదు.

చేయడం అసాధ్యమేమీ కాదు. బరపాసారస్ పొడవు సుమారు 14 మీటర్లని అంచనా. 1:40లో అది 35 సెంటీమీటర్లు, తొడ ఎముక నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు. ఏ అరలోనైనా పడుతుంది. లేతుమీద అంకుడు కర్రను తిప్పే ఏటికొప్పాక, చన్నపట్న పద్ధతికి గుండ్రటి ఆకారాలే లొంగుతాయి, నాలుగు కాళ్లూ వంపు తిరిగిన మెడా కష్టం. కొండపల్లి వారి పద్ధతి దీనికి సరిగ్గా నప్పుతుంది. తెల్లపొణికి చెక్కతో ఒళ్లూ కాళ్లూ తోకా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి రంగు వేస్తారు. ఏనుగు అంబారీలు చేసిన చేతులకు ఇది పెద్ద పని కాదు.

శిల్పికి ఎదురయ్యే అసలు సమస్య తల. బరపాసారస్ పుర్రె దొరకలేదు, చెంచాల్లాంటి పళ్లు కొన్ని మాత్రమే ఉన్నాయి. కోటసారస్‌దీ అదే పరిస్థితి. కాబట్టి దగ్గరి చుట్టాల పుర్రెలు చూసి తల చెక్కాలి, అలా చేశామని పీట అడుగున సంవత్సరంతో సహా రాయాలి. రేపు ప్రాణహిత ఒడ్డున పుర్రె దొరికితే రెండో బొమ్మ చేయవచ్చు. మొదటిదాన్ని దాని పక్కనే ఉంచవచ్చు.