‘సైకో’ చిత్రము - మనోవ్యాధి

1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వమున అమెరికాలో వెలువడిన ‘సైకో’ భయానక చిత్రములలో ప్రసిద్ధమైనది. రాబర్ట్ బ్లాక్ 1959లో ప్రకటించిన నవల దీనికి మూలము. ఇందు నార్మన్ బేట్స్ అను యువకుడు బాటసారులకు బస గదులు అద్దెకిచ్చుచుండును. పూర్వము తల్లిని చంపిన ఇతడు ఆమె శవమును ఇంటిలోనే దాచి, అప్పుడప్పుడు తానే తల్లియై, ఆమె దుస్తులు ధరించి హత్యలు చేయును. ఇతని మనస్సులో ఇద్దరు వ్యక్తులు కలరనియు, తల్లిదే పైచేయి అయినదనియు చివర మానసిక వైద్యుడొకడు వివరించును.

ఇట్టి స్థితి కేవలము కల్పన కాదు. ‘బహుళ వ్యక్తిత్వము’ అను దీని పాత పేరును అమెరికా మనోవైద్య సంఘము 1994లో ‘డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్’ అని మార్చినది. అయితే చిత్రము చూపినదానికిని వైద్యులు చూచినదానికిని ముఖ్యమైన భేదము కలదు. ఈ రోగులలో పెక్కుమంది బాల్యమున తీవ్రమైన హింసకు గురియైనవారు. వారిలో ఆత్మహత్యా ప్రయత్నములు అధికము. అనగా వారివలన ప్రమాదము ప్రధానముగా వారికే.

చిత్రమునకు హంతకుడు కావలెను. రోగికి కావలసినది చికిత్స. మనోవ్యాధి అనగానే హంతకుడు స్ఫురించు సమాజములో రోగి తన బాధను దాచుకొనును, వైద్యుని వద్దకు పోవుటకు జంకును. తెరమీది భయము రెండు గంటలలో ముగియును. ఈ అపోహ మాత్రము రోగిని ఏండ్ల తరబడి వెన్నాడును.