ఫెయిరీ
‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ కార్డులాట ఆడే మా మేనల్లుడు ఫెయిరీని ‘దేవకన్య’ అంటాడు. 2007 నాటి లోర్విన్ కార్డుల్లో అవి కొంటె దొంగలు, కాబట్టి ‘మాయలాడి’ నప్పుతుంది. బిట్టర్‌బ్లాసమ్ కార్డు మన ప్రతి వంతులో ఒక లైఫ్ పాయింటు మింగి ఒక చిట్టి ఫెయిరీని పుట్టిస్తుంది. ఎదుటివాడి వంతు మొదట్లోనే ఆ చిట్టి ఫెయిరీని పక్కకు తప్పించి మరో ఫెయిరీ కార్డు మిస్ట్‌బైండ్ క్లీక్‌ని దింపితే అతని భూముల కార్డులన్నీ ట్యాప్, అంటే వాడుకకు రావు. ఆ వంతు దాదాపు వృథా. పాపం! ఇక ‘ఫెయిరీ’ అనే మాటకు మూలం లాటిన్ ‘ఫాటుమ్’: పలికినది, అంటే విధి. పాత ఫ్రెంచిలో విధిదేవత ‘ఫే’ అయింది. దాన్నుంచి వచ్చిన ‘ఫేరీ’ మొదట మాయకూ మాయాలోకానికీ పేరు. ఆ లోకపు జీవిని అలా పిలవడం తరవాతి సంగతి. అందమనే అర్థమున్న ‘ఫెయిర్’తో దీనికి చుట్టరికం లేదు. ‘నా ఫేట్ ఇంతే’ అని మనం నిట్టూర్చే ఫేట్ మాత్రం సొంత తోబుట్టువే.