చేతి వేడి

సుషీ దుకాణాల్లో బల్ల వెనుక నిలబడి చేసేవాళ్లలో ఆడవాళ్లు ఎందుకు కనిపించరని అడిగితే జపాన్‌లో చాలాకాలంగా వినిపించే జవాబు ఒకటుంది. ఆడవాళ్ల చేతులు వెచ్చగా ఉంటాయట, ఆ వేడికి పచ్చిచేప రుచి చెడుతుందట. 2011లో ఇంకో కారణం కూడా బయటికొచ్చింది. టోక్యో గింజాలోని ప్రసిద్ధ దుకాణం 'సుకియాబాషి జిరో' యజమాని పెద్దకొడుకు యోషికజు ఓనో వాల్‌స్ట్రీట్ జర్నల్‌తో మాట్లాడుతూ, ఆడవాళ్లకు నెలసరి వస్తుంది కాబట్టి వాళ్ల నాలుకకు రుచి నిలకడగా ఉండదని, అందుకే ఈ వృత్తికి పనికిరారని చెప్పాడు.

ఆ మాటలు చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ ఆవకాయ జాడీ గుర్తొచ్చింది. ముట్టయిన పిల్ల ముట్టుకుంటే పచ్చడి బూజుపడుతుందని ఆ జాడీని గదిమూలన ఎత్తుమీద పెట్టేవారు. నెలలో మిగతా రోజులన్నీ ఆ జాడీని కడిగి ఎండబెట్టిందీ, ముక్కలు తుడిచి ఆవపిండీ కారమూ కలిపిందీ ఆ చేతులే. ఈ పోలిక కేవలం మైలకు సంబంధించింది అనుకోను. సుషీ కూడా పుట్టుకలో ఒక ఊరగాయే.

చేపకు ఉప్పు పట్టించి, వండిన అన్నం మధ్య కూరి, బరువు పెట్టి నెలల తరబడి ఉంచితే అన్నం పులిసి చేప చెడకుండా ఉంటుంది. తినేటప్పుడు ఆ అన్నాన్ని చాలావరకు తీసిపారేసేవారు. 8వ శతాబ్దపు యోరో శాసనాల్లోనూ, 927లో పూర్తయిన ఎంగిషికిలోనూ ప్రజలు రాజ్యానికి కట్టాల్సిన పన్నుల్లో సుషీ కనిపిస్తుంది. బివా సరస్సు చుట్టుపక్కల 'ఫునాజుషి' పేరుతో ఈ పాత పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. వసంతంలో ఉప్పులో వేసిన చేపను మంచి ఎండల్లో అన్నంలోకి మారుస్తారు. మన ఆవకాయలాగే దానికీ కాలం, బరువు, వాసన అన్నీ లెక్కే. అన్నట్టు, అందులో గుడ్లున్న ఆడచేపకే గిరాకీ ఎక్కువ.

ఈనాడు ప్రపంచమంతా సుషీ అంటున్న ముద్ద, వెనిగర్ కలిపిన అన్నంమీద చేపముక్క పెట్టి అప్పటికప్పుడు చేత్తో నొక్కి ఇచ్చేది, ఎదో నగరం వీధుల్లో పుట్టింది. 1820ల్లో హనాయా యోహే అనే అతను దానికి ఆద్యుడని చెబుతారు. ఎదో మగవాళ్ల ఊరు. ప్రభువుల వెంట వచ్చిన సైనికులు, పల్లెల నుంచి వలసొచ్చిన కూలీలు, పనివాళ్లు. 1721 లెక్కల ప్రకారం అక్కడి సాధారణ పౌరుల్లో మగవాళ్లు ఆడవాళ్లకు రెండింతలకు దగ్గరగా ఉన్నారు. ఆ తేడా తరవాత తగ్గింది కానీ, బండి దగ్గర నిలబడి రెండు ముద్దలు నోట్లో వేసుకుని పోయే అలవాటు ఆ జనాభాకు సరిపోయింది. ఇల్లూ వంటిల్లూ లేని మగవాళ్లకు మగవాళ్లు అమ్మిన తిండి అది. చేతి వేడి సిద్ధాంతానికి మూలం శరీరశాస్త్రంలో కంటే ఈ వీధుల్లోనే వెతకాలని నాకనిపిస్తుంది.

ఆ నగరపు తిండి దేశపు తిండి కావడానికి ఒక విపత్తు, ఒక చట్టం తోడ్పడ్డాయి. 1923 సెప్టెంబరు 1న వచ్చిన కాంతో భూకంపంలో టోక్యో కూలిపోయాక పనివాళ్లు సొంత ఊళ్లకు చెదిరిపోయారు. యుద్ధం తరవాత బియ్యం కరువులో, 1947లో ప్రభుత్వం హోటళ్లను మూసేయించినప్పుడు, సుషీవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. తిండి అమ్మరు. తినేవాళ్లు తెచ్చిన ఒక 'గో' బియ్యానికి (సుమారు 150 గ్రాములు) పది ముద్దలు చేసిచ్చి కూలి మాత్రం తీసుకుంటారు. ఈ ఏర్పాటు ఇతర ప్రాంతాలకూ పాకింది, దాంతోపాటు టోక్యో ముద్దా పాకింది. ఆ రేషను బియ్యం కోసం వరసల్లో నిలబడింది ఎవరో ఊహించడం కష్టం కాదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఇళ్లలో ఆడవాళ్లు సుషీ చేయడం ఆపలేదు. మార్చి 3న ఆడపిల్లల పండగకు పళ్లెంలో పరిచే చిరాషీ, వేయించిన టోఫూ సంచుల్లో అన్నం కూరే ఇనారీ, క్యోటో పండగలకు ఉప్పుచేపతో చేసే సాబాజుషీ. వీటికి చేతి వేడి అడ్డు రాలేదు. ఇంట్లో చేస్తే అది వంట. బల్ల వెనుక, డబ్బు తీసుకుని చేస్తే అది కళ. రోజూ వండేది ఆడవాళ్లయినా గొప్ప వంటకు నలుడి పేరూ భీముడి పేరూ పెట్టుకున్న భాష మనది, కాబట్టి ఈ లెక్క మనకు కొత్తగా విడమరిచి చెప్పనక్కర్లేదు.

పరిశోధన పనిమీద కొన్ని నెలలు క్యోటోలో ఉన్నప్పుడు మా సందు చివర ఎనిమిది కుర్చీల సుషీ దుకాణం ఒకటుండేది. డెబ్బై దాటిన పెద్దాయన బల్ల వెనుక. అందరూ 'ఒకామి సాన్' అని పిలిచే ఆయన భార్య టీ పోయడం, లెక్క చూడడం, గిన్నెలు కడగడం. అన్నం కూడా ఆవిడే వండుతుందని కొన్ని వారాలకు గాని నాకు తెలియలేదు. సుషీకి ప్రాణం అన్నమేనని ఆ వృత్తిలోవాళ్లే అంటారు. అన్నం వండడం మూడేళ్లు, ముద్ద నొక్కడం ఎనిమిదేళ్లు నేర్చుకోవాలని వాళ్ల సామెత. ఆ లెక్కన ఆవిడ ఎన్నేళ్ల విద్వాంసురాలో! మీరెందుకు చేయరని నా వచ్చీరాని జపనీస్‌లో అడిగితే, ఆవిడ తడి చెయ్యి తుడుచుకుని నా మణికట్టు మీద పెట్టింది. చల్లగా ఉంది. పెద్దాయన తల ఎత్తలేదు.

1998లో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి లాన్సెట్ పత్రికలో ప్రకటించినదాని ప్రకారం ఆడవాళ్ల చేతులు మగవాళ్ల చేతులకంటే సగటున ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉంటాయి. ఆ సంగతి చెప్పినా వాదన ఆగదు. కారణం చేతి నుంచి నాలుకకు జరుగుతుంది, అంతే.

లోపలికి దారులు వేరేచోట్ల తెరుచుకున్నాయి. 2002లో మొదలైన టోక్యో సుషీ అకాడమీ ఏళ్ల శిష్యరికాన్ని నెలల కోర్సుగా మార్చింది. రుసుం కట్టినవాళ్లకు నేర్పింది, ఆడవాళ్లు చేరారు. 2010లో అకిహబారాలో ఆడవాళ్లే సుషీ చేసే 'నదేషికో' తెరిచారు. నిర్వాహకురాలు యూకీ చిజుయి మగ గిరాకీల ఎగతాళిని ఎదుర్కొంటూనే పనిచేసింది. ఆ దుకాణం తన పనివాళ్ల ముద్దుతనాన్ని కూడా సరుకుగా ప్రచారం చేసుకుంది. అది నాకు మింగుడుపడదు. కానీ ఆ షరతు పెట్టిన బజారును వదిలి దాన్ని ఒప్పుకున్న అమ్మాయిలను తప్పుపట్టడం నా వల్ల కాదు.

అంతకు చాలా ముందే, 1958లో ఒసాకాలో యోషియాకి షిరాయిషి తిరిగే పట్టీమీద పళ్లేలు పంపే దుకాణం తెరిచాడు. ధర ముందే తెలిసింది, పిల్లలతో తల్లులు ధైర్యంగా లోపలికొచ్చారు. 1981లో సుజుమో కంపెనీ అన్నంముద్దలు నొక్కే యంత్రం తయారుచేసింది. ఇప్పుడు అలాంటి గొలుసు దుకాణాల్లో గోడకవతల వంటగదిలో, గంటల కూలికి వచ్చే ఆడవాళ్లు చాలామంది యంత్రం విడిచిన ముద్దలమీద చేపముక్కలు అమరుస్తారు. ముద్ద పట్టీమీద గోడ దాటి ఇవతలికి వస్తుంది. చేతులు మాత్రం అవతలే ఉంటాయి.