హెలెన్ కుంచె

బ్రాంటీ సోదరీమణులలో షార్లట్, ఎమిలీల పేర్లు వినని శ్రోతలు అరుదు. కడగొట్టు చెల్లెలు ఆన్ వ్రాసిన ‘ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ మాత్రము చిరకాలము మరుగున పడియుండినది. 1848 జూన్‌లో ఆక్టన్ బెల్ అను మారుపేరుతో వెలువడిన నవల యది.

కథానాయిక హెలెన్ గాఢమైన దైవభక్తి గలది. నరకము శాశ్వతము కాదని చూపుటకు బైబిలునుండి సుమారు 30 వాక్యములు వెదకి తీసిన పట్టుదల ఆమెది. విలాసపురుషుడైన ఆర్థర్ హంటింగ్డన్‌ను పెద్దలు వలదన్నను, ప్రేమచేతను ప్రార్థనచేతను దిద్దగలనని నమ్మి పెండ్లాడినది. ఆ భక్తియే ఆమెను దారి తప్పించినదని మా అభిప్రాయము.

భర్త త్రాగుడును, పరస్త్రీవ్యామోహమును సహించినది గాని, పసిబిడ్డకు ద్రాక్షసారా అలవాటు చేయుట చూచి ఆమె పారిపోవ నిశ్చయించినది. చిత్రములు గీసి అమ్మి బ్రదుకవలెనని తలపు. భర్త ఆమె దినచర్య పుస్తకము లాగుకొని చదివి, సంగతి గ్రహించి, రంగులను కుంచెలను నిప్పులో పారవైచును. ఇది క్రూరత్వమే, కాని నాటి ఇంగ్లండు చట్టము దృష్టిలో అపరాధము కాదు. కథాకాలము 1827. పెండ్లియైన స్త్రీ ధనము, నగలు, ఆర్జన అన్నియు భర్తవే. కుంచెయు వానిదే, బిడ్డయు వానిదే. ఏడేండ్లలోపు బిడ్డలకై తల్లి న్యాయస్థానము నాశ్రయించుటకు 1839లో గాని వీలు కలుగలేదు. స్వార్జితము స్త్రీదే యను చట్టము 1870లోను, ఆస్తియు ఆమెదే యను చట్టము 1882లోను వచ్చినవి. కావున బిడ్డతో ఇల్లు వెడలి, వైల్డ్‌ఫెల్ హాల్‌లో మారుపేరుతో ఆమె సంపాదించిన ప్రతి షిల్లింగును చట్టరీత్యా భర్తదే.

మమ్ము మిక్కిలి ఆకర్షించునది తరువాతి ఘట్టము. భర్త మంచము పట్టెనని విని ఆమె తానై తిరిగి వచ్చి సేవచేయును. కాని బిడ్డను చూపుటకు ముందు, వాడు తన సంరక్షణలోనే ఉండవలెనని కాగితము వ్రాసి, దాది రేచెల్ సాక్షిగా భర్తచేత సంతకము చేయించును. (న్యాయస్థానమున ఆ కాగితము నిలుచునో లేదో!) మరణభయముతో వణకుచు, దేవుని యెదుట తన పక్షమున వేడుటకు తనతో రాగూడదా యని భర్త బ్రతిమాలినప్పుడు, ఒకరి ఆత్మకు మరియొకరు పూటపడజాలరని చెప్పును. వానిని దిద్దెదనని పెండ్లాడిన పిల్లయే ఈ మాట చెప్పినది.

వైధవ్యానంతరము గిల్బర్ట్ మార్కమ్‌ను వరించునదియు ఆమెయే. చలికాలమున పూచిన గులాబిని కోసి అతని చేతికిచ్చును.

ఆన్ 1849 మే 28న, 29 ఏండ్ల వయసున, స్కార్‌బరోలో మరణించినది. చెల్లెలి మొదటి నవలను 1850లో మరల అచ్చొత్తించిన షార్లట్, దీనిని అచ్చొత్తించుటకు మాత్రము సమ్మతింపలేదు.