చెత్త దగ్గరే తేలే సంగతి: ప్లాస్టిక్ నూనెతో డీజిల్ ఇంజిన్ ప్రయోగాలపై ఒక పరిశీలన

మన దేశంలో చాలా ఇంజినీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో ఒకే తరహా ఇంజిన్ కనిపిస్తుంది. ఒక సిలిండరు, నాలుగు స్ట్రోకులు, 661 సీసీ, నిమిషానికి 1500 చుట్లు, 5.2 కిలోవాట్లు, సంపీడన నిష్పత్తి 17.5. వ్యర్థ ప్లాస్టిక్ నుంచి తీసిన నూనెను డీజిల్‌లో 10, 20, 30 శాతం చొప్పున కలిపి ఈ ఇంజిన్‌ను నడుపుతారు. ఉష్ణ దక్షత, పొగ, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలుస్తారు. ఆ కొలతలతో నాకు పేచీ లేదు. ఆ నూనె ఏ ప్లాస్టిక్ నుంచి వచ్చిందని వెతికితే మాత్రం చాలాచోట్ల దొరికేది ‘మిశ్రమ వ్యర్థ ప్లాస్టిక్’ అన్న మూడు మాటలే. ఇంధనం గుణాన్ని సగానికి పైగా నిర్ణయించేది ఆ మూడు మాటల వెనక ఉన్న చెత్తే అన్నది ఈ వ్యాసం వాదన.

గాలి తగలకుండా ప్లాస్టిక్‌ను సుమారు 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే పొడవాటి అణుగొలుసులు తెగి ఆవిరవుతాయి. చల్లబరిస్తే నూనె, మిగిలింది వాయువు, బొగ్గు. ఇదే పైరాలిసిస్. పాలప్యాకెట్లు, క్యారీబ్యాగులు పాలిథిన్. వాటి గొలుసులు తిన్నగా ఉంటాయి కాబట్టి వాటి నూనె ఇంజిన్‌లో త్వరగా అంటుకుంటుంది, అంటే సీటేన్ సంఖ్య బాగుంటుంది. థర్మాకోల్ పాలిస్టైరీన్. దాన్నుంచి నూనె దండిగానే వస్తుంది గానీ అందులో వలయాకార అణువులే ఎక్కువ. అవి అంటుకోవడానికి మొరాయిస్తాయి. నీళ్ల సీసా పెట్. దాన్నుంచి నూనె పెద్దగా రాకపోగా, తెల్లటి ఆమ్లపు పొడి గొట్టాల్లో పేరుకుంటుంది. సీసా మీది మూత మాత్రం పనికొస్తుంది, అది వేరే ప్లాస్టిక్. ఒకే వస్తువులో ఇంత తేడా ఉన్నప్పుడు ‘మిశ్రమం’ అన్న మాట మనకేం చెబుతుంది?

అన్నిటికంటే చేటు పీవీసీ. దాని బరువులో దాదాపు 57 శాతం క్లోరినే. స్వచ్ఛమైన పీవీసీ 1 కిలో పూర్తిగా విచ్ఛిన్నమైతే సుమారు 580 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడుతుంది. 100 కిలోల పాలిథిన్‌లో ఒక్క కిలో పైపుముక్కలు కలిసినా చాలు, తేమ తగిలిన చోటల్లా ఆ వాయువు ఆమ్లమై రియాక్టరును తినేస్తుంది. నూనెలో మిగిలిపోయిన క్లోరిన్, ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టరు దాకా వస్తుంది. మన ఊళ్లలో ఈ బెడద ఇంకో రూపంలో ఉంది. పుట్టినరోజుకీ, పార్టీ సభకీ కట్టే ఫ్లెక్సీ పాలిస్టర్ దారాల అల్లిక మీద పీవీసీ పూత వేసినదే. మర్నాడు అది అదే చెత్తలో చేరుతుంది.

చెత్తలో పీవీసీని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రాగి తీగ కొసను మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్ ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే. ఆ పొగ మంచిది కాదు, అందుకని గాలి బాగా ఆడే చోట చిన్న ముక్కతో చేయాలి. ఇంకా తేలికది నీళ్ల తొట్టె. ముక్కలుగా కోసి వేస్తే పాలిథిన్, పాలిప్రొపిలీన్ తేలతాయి, పెట్, పీవీసీ మునుగుతాయి. లోపల గాలి నింపుకున్న థర్మాకోల్ తేలి మోసం చేస్తుంది కాబట్టి దాన్ని ముందే చేత్తో ఏరేయాలి. ఏరివేత పని చేసే ఆడవాళ్లు కవరును వేళ్ల మధ్య నలిపి రకం చెప్పగలరు. ఆ నేర్పు ఈ ఇంధన ప్రక్రియలో మొదటి మెట్టు. పరిశోధన పత్రాల్లో దానికి ఒక్క వాక్యమైనా దక్కాలి.

ఇక ఇంజిన్ సంగతి. అన్నా విశ్వవిద్యాలయానికి చెందిన మణి, నాగరాజన్ 2009లో డీజిల్ కలపకుండా పూర్తిగా ప్లాస్టిక్ నూనెతోనే నడిపిన ప్రయోగాలు ప్రచురించారు. ఇంధనం చిమ్మే సమయాన్ని పిస్టన్ పైకొసకు 23 డిగ్రీల ముందు నుంచి 14 డిగ్రీలకు జరిపితే నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు తగ్గాయి, దక్షత పెరిగింది. పొగ మాత్రం పెరిగింది. నిమిషానికి 1500 చుట్ల వేగంలో ఆ 23 డిగ్రీలంటే సెకనులో వెయ్యోవంతులు రెండున్నర, 14 అంటే ఒకటిన్నర. ఆ రవ్వంత వ్యవధిలో నూనె అంటుకోవడం ఆలస్యమైతే, పోగైన ఇంధనమంతా ఒక్కసారి భగ్గుమంటుంది. అప్పుడు పుట్టే వేడి నైట్రోజన్ ఆక్సైడ్లను పెంచుతుంది. ఇంగ్లండ్‌లోని సర్రీ విశ్వవిద్యాలయంలో కలర్‌గారిస్ బృందం 2017లో నాలుగు సిలిండర్ల ఇంజిన్‌పై చూసిందీ ఇలాంటిదే: ఎక్కువ భారంలో సాఫీగా నడిచిన ఇంజిన్ తక్కువ భారంలో నిలకడ తప్పింది. సిలిండరు తగినంత వేడెక్కనప్పుడే ఆలస్యం ముదురుతుంది. నా దృష్టిలో ఈ నూనెకు సరిపడేది ఒకే వేగంలో, మంచి భారంతో గంటల తరబడి నడిచే జనరేటరు.

రోడ్డు మీది బండి సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణం ప్రకారం డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదు, సీటేన్ సంఖ్య 51కి తగ్గకూడదు. ప్రయోగశాల ఇంజిన్‌లో ఇంధనం దాదాపు 200 బార్ పీడనంతో చిమ్ముతుంది. కొత్త కామన్ రైల్ బండ్లలో అది 1600 బార్ దాటుతుంది, ఇంజెక్టరు భాగాల మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. పాత ఇంజిన్ సహించే మడ్డి కొత్తదాన్ని పాడుచేస్తుంది. కాబట్టి ప్రయోగశాల ఇంజిన్ ఫలితాన్ని రోడ్డు మీది బండికి అన్వయించడం తప్పు. వాహన ప్రమాణాన్ని అందుకోవడం అసాధ్యమని కాదు. డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ గెయిల్‌తో కలిసి 2019 ఆగస్టులో రోజుకు 1 టన్ను ప్లాస్టిక్ తీసుకునే ప్లాంటును ప్రారంభించింది. టన్నుకు 800 లీటర్ల వరకు డీజిల్ తీయడం దాని లక్ష్యం. అక్కడిది శుద్ధి చేసిన సరుకు. పెరట్లో పీపా కింద మంటపెట్టి తీసిన నూనెను దానితో పోల్చి అమ్మజూపడం ప్రమాదకరం.

కళాశాలల్లో ఈ పని కొనసాగాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఫలితాల పట్టికకు ముందు మరో పట్టిక ఉండాలి: రియాక్టరులో వేసిన ప్రతి రకం ప్లాస్టిక్ బరువు, నూనెలో మిగిలిన క్లోరిన్, నూనె తీసిన తేదీ. ఈ నూనెలోని ద్విబంధాలున్న అణువులు నిల్వలో గాలి తగిలి జిగురుగా మారతాయి కాబట్టి తేదీ అవసరం. కొన్ని గంటల పరీక్ష చాలదు. కనీసం ఒక సెమిస్టరు పాటు అదే నూనెతో ఇంజిన్ నడిపి, చివర్లో ఇంజెక్టరు విప్పి, నాజిల్ కొసను భూతద్దంలో చూసి, ఆ ఫొటోను పత్రంలో అచ్చువేయాలి.