అంగన్‌వాడీ కేంద్రాల్లో పసిపిల్లల ఆరోగ్యం, భద్రత

సమీకృత శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) కింద నడిచే అంగన్‌వాడీ కేంద్రాల్లో ఆరేళ్లలోపు పిల్లల తిండి, ఎదుగుదల, మందులు, అంటువ్యాధులు, ప్రమాదాల నివారణకు ఉన్న ఏర్పాట్లను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 కేంద్రాలు మంజూరయ్యాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు రోజూ కేంద్రానికి వస్తారు. అంతకంటే చిన్నవారికి సరుకులు ఇంటికి అందుతాయి. వారిని తూకానికీ టీకాలకూ తల్లులు ఎత్తుకొస్తారు. ఆహారం విషయంలో నిబంధనలు గ్రాముల లెక్కదాకా ఉన్నాయి. ప్రమాదాల నివారణ మాత్రం చాలావరకు రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: భవనం ఎలాంటిది, ఆ క్షణంలో పిల్లల దగ్గర పెద్దలు ఎందరున్నారు.

నేపథ్యం

కేంద్రాల పుట్టుక గురించి రెండు కథనాలున్నాయి. 1974 ఆగస్టులో వచ్చిన జాతీయ బాలల విధానం నుంచి పథకం నేరుగా పుట్టిందని, 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైందని ప్రభుత్వ పత్రాలు చెబుతాయి. విద్యారంగ చరిత్ర రాసినవారు ఇంకా వెనక్కి వెళ్తారు. తారాబాయి మోదక్, అనుతాయి వాగ్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లెపిల్లల కోసం బాలవాడి నడిపారు. తర్వాత కొసబాడ్ కొండమీద ఆదివాసీ వాడల మధ్య అదే పని సాగించారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వారి వాకిట్లోకి వెళ్లాలన్నది వారి పద్ధతి. ఈ రెండు కథనాలకూ నిజానికి పొత్తు కుదురుతుంది. వాకిట్లో కేంద్రమన్న రూపం కొసబాడ్ అనుభవం నుంచి వచ్చింది. దానికి పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పెద్దాసుపత్రికి పంపడం వంటి సేవలను జోడించింది 1975 నాటి పథకం.

ఈ సేవలను హక్కుగా మార్చింది న్యాయస్థానం. పౌరహక్కుల ప్రజాసంఘం (పీయూసీఎల్) 2001లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ ఏడాది నవంబరు 28న ప్రతి ఆవాసానికీ కేంద్రం ఉండాలని ఆదేశించింది. ఆరేళ్లలోపు పిల్లలు నలభై మంది ఉన్న వాడ అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని 2006 డిసెంబరు 13న చెప్పింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దీన్ని శాసనంగా స్థిరపరిచింది.

ఆహారం

చట్టం రెండో షెడ్యూలు ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు పిల్లలకు రోజుకు 500 కిలో కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలి. తీవ్ర పోషకాహార లోపం ఉన్నవారికి 800 కిలో కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలి. మూడేళ్లు దాటినవారికి ఉదయం చిరుతిండి, మధ్యాహ్నం వేడి భోజనం కేంద్రంలోనే పెడతారు.

మూడేళ్లలోపు వారికి తెలుగునాట ఎక్కువగా తెలిసిన ఆహారం బాలామృతం. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన పొడి ఇది. రోజుకు వంద గ్రాముల లెక్కన నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తారు. ఇంట్లో అన్నతమ్ముళ్లందరూ పంచుకోవడం వల్ల పసిబిడ్డ వంతు తగ్గుతుందన్నది క్షేత్రంలో తరచూ వినిపించే మాట. చక్కెర పాళ్లు ఎక్కువన్న విమర్శ కూడా ఉంది. మరగకాచి చల్లార్చిన నీళ్లతో కలిపితేనే అది బిడ్డకు మేలు చేస్తుంది. కలుషిత నీళ్లతో కలిపితే విరేచనాలు పట్టుకుంటాయి, తిన్నది ఒంటబట్టదు.

పిల్లల గొంతులో అడ్డుపడే తిండి విషయంలో జాగ్రత్త అవసరం. పల్లీలు, పుట్నాలు, బఠాణీలు విడిగా, గట్టిగా ఉన్నప్పుడు నాలుగేళ్లలోపు వారికి పెట్టకూడదు. పొడి చేసి గాని, మెత్తగా ఉడికించి గాని పెట్టాలి. పిల్లలు కూర్చునే తినాలి. పరుగెడుతూ, నవ్వుతూ ఉన్న బిడ్డ నోట్లో ముద్ద పెట్టకూడదు.

వంటగది

కేంద్రంలో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు వంటగది. సొంత భవనం లేక అద్దె గదిలో నడిచే కేంద్రాల్లో ఒక మూల పొయ్యి, మరో మూల పిల్లలు ఉండే పరిస్థితి ఇప్పటికీ ఉంది. పాఠశాలల్లో జరిగిన మూడు దుర్ఘటనలు అంగన్‌వాడీలకు కూడా పాఠాలే.

మొదటిది 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో జరిగింది. మధ్యాహ్న భోజనం వండే పాకలో లేచిన మంట పూరి పైకప్పుకు అంటుకుంది. ఇరుకు మెట్లు తప్ప బయటపడే దారి లేక చిన్నపిల్లలు కాలిపోయారు. మృతుల సంఖ్య కొన్నిచోట్ల 93 అని కనిపిస్తుంది; 94 అన్నదే ఎక్కువ ఆధారాలున్న లెక్క. ఈ ఘటన నేపథ్యంలో 2009లో అవినాశ్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు విద్యాహక్కులో సురక్షితమైన బడి కూడా భాగమేనని తేల్చి, అగ్నిమాపక ఏర్పాట్లు తప్పనిసరి చేసింది.

రెండోది 2013లో, యాదృచ్ఛికంగా అదే జులై 16న, బిహార్ సారణ్ జిల్లా గండామన్‌లో జరిగింది. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. మధ్యాహ్న భోజన పథకానికి 2015లో వచ్చిన నియమాలు, పిల్లలకు వడ్డించేముందు కనీసం ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని చెబుతున్నాయి. పురుగుమందుల వాడకం ఎక్కువగా ఉన్న మన పత్తి, మిరప ప్రాంతాల్లో ఖాళీ మందు డబ్బాలను కడిగి వాడుకునే అలవాటును మాన్పించడం అంతే ముఖ్యం.

మూడోది 2019 నవంబరులో కర్నూలు జిల్లా పాణ్యంలో జరిగింది. ఒక ప్రైవేటు పాఠశాలలో భోజనానికి వరుసలో వెళ్తున్న యూకేజీ బాలుడు వేడి సాంబారు గిన్నెలో పడి ప్రాణాలు కోల్పోయాడు. నేలమీద పెట్టిన పెద్ద గిన్నె పిల్లవాడి నడుము ఎత్తులోనే ఉంటుంది. అందువల్ల వేడి గిన్నె పిల్లలు తిరిగే చోట నేలమీద పెట్టకూడదు. మూత తీయకముందే పిల్లల్ని కూర్చోబెట్టాలి. పిల్లలే గిన్నె దగ్గరికి వెళ్లే పద్ధతి మానాలి. వడ్డన వారి దగ్గరికి రావాలి. వీటిలో దేనికీ ఖర్చు లేదు. వండేవారు, పిల్లల్ని చూసుకునేవారు వేర్వేరుగా ఉండాలి, అంతే.

ఎదుగుదల పరిశీలన

పథకం తొలి దశాబ్దాల్లో భారత శిశువైద్యుల సంఘం వర్గీకరణ ప్రకారం పిల్లల్ని నాలుగు శ్రేణులుగా చూసేవారు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ప్రమాణాలు ప్రకటించింది. 2008 నుంచి భారత్ వాటిని అనుసరిస్తోంది. మన పిల్లలు పుట్టుకతోనే చిన్న శరీరం గలవారు కాబట్టి ఈ కొలత తగదన్న వాదన ఉంది. అయితే ఆ ప్రమాణాల కోసం పిల్లల్ని పరిశీలించిన ఆరు దేశాల్లో భారత్ ఒకటి. తల్లిపాలు, తగిన తిండి, పరిశుభ్రత అందిన దక్షిణ ఢిల్లీ పిల్లలు మిగతా దేశాల పిల్లలతో సమానంగానే ఎదిగారు. ఈ ఆధారం ముందు ఆ వాదన బలహీనంగా కనిపిస్తుంది.

రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, ఆపైవారిని నిలబెట్టి పొడవు కొలుస్తారు. ఎత్తుకు తగ్గ బరువు ప్రమాణరేఖ నుంచి మూడు ప్రామాణిక విచలనాలకంటే కిందికి పడితే తీవ్ర లోపం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లల్లో దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకంటే తక్కువ ఉన్నా అంతే. ఈ రెండు కొలతలూ ఎప్పుడూ ఒకే పిల్లల్ని పట్టివ్వవు, అందుకే రెండూ చూడాలి. రెండు పాదాల వాపు, ఆకలి మందగించడం కనిపిస్తే ఆలస్యం లేకుండా పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1 శాతం. రక్తహీనత వరుసగా 63.2, 70 శాతం.

మందులు, మోతాదులు

విటమిన్ ఏ పంపిణీకి హైదరాబాద్‌తో గట్టి సంబంధం ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో పోషకాహార లోపపు అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, ఆ తర్వాత అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు, మొత్తం తొమ్మిది మోతాదులు ఇస్తారు.

ఈ మందు చూపును కాపాడుతుందన్నదానిపై వివాదం లేదు. మరణాలను తగ్గిస్తుందా అన్నదే వివాదం. తమిళనాడులో జరిగిన అధ్యయనం మరణాలు సగానికి పైగా తగ్గాయని 1990లో ప్రకటించింది. అదే ఏడాది హైదరాబాద్ సంస్థ శాస్త్రవేత్తలు తమ అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదన్నారు. ఉత్తరప్రదేశ్‌లో సుమారు పది లక్షల మంది పిల్లలపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలోనూ ఫలితం గణాంకపరంగా నిలవలేదు. తమిళనాడులో ఇచ్చింది వారం వారం చిన్న మోతాదు. ఆరు నెలలకోసారి ఇచ్చే పెద్ద మోతాదుకు దాన్ని నేరుగా సాక్ష్యంగా తీసుకోవడం కష్టం. పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ చివరిదాకా ఆకుకూరలు, పండ్లు, పాలు, గుడ్ల వైపే మొగ్గారు. కార్యక్రమం ఉన్నంతకాలం మోతాదులు తప్పకుండా ఇవ్వడం, వాటితోపాటు తోటకూర, మునగాకు, బొప్పాయి పిల్లల పళ్లెంలో ఉండేలా చూడటం రెండూ చేయదగినవే.

ఇక్కడ భద్రత చెంచాలో ఉంది. ఈ సిరప్ ఒక మిల్లీలీటరులో లక్ష యూనిట్లుంటాయి. 2001 నవంబరులో అస్సాంలో జరిగిన పంపిణీలో రెండు మిల్లీలీటర్ల చెంచాకు బదులు అయిదు మిల్లీలీటర్ల కప్పు వాడారు. తర్వాత పిల్లలు జబ్బుపడ్డారు, కొందరు మరణించారు. మరణాలకు మందే కారణమా అన్నది ఈనాటికీ వివాదమే. అయినా సీసాతో వచ్చిన చెంచానే వాడాలన్న నియమానికి అంతకంటే పెద్ద హెచ్చరిక అక్కర్లేదు.

ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇస్తారు. తీయగా ఉందని సీసా ఎత్తి తాగితే ప్రాణాపాయం కాబట్టి దాన్ని అందనంత ఎత్తులో ఉంచాలి. 2015లో మొదలైన నులిపురుగుల నిర్మూలన దినాన ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు సగం ఆల్బెండజోల్ మాత్ర, ఆపైవారికి పూర్తి మాత్ర ఇస్తారు. చిన్నవారికి దాన్ని పొడిచేసి నీళ్లలో కలిపి పట్టాలి. ఆరోజు జ్వరంతో ఉన్న బిడ్డకు తర్వాత ఇవ్వాలి.

అంటువ్యాధులు

ఆటలమ్మ సోకిన బిడ్డను పొక్కులన్నీ ఎండి చెక్కుకట్టే వరకు, తట్టు అయితే దద్దుర్లు లేచిన నాలుగు రోజుల వరకు, గవదబిళ్లలైతే వాపు మొదలైన అయిదు రోజుల వరకు ఇంట్లోనే ఉంచాలి. ఆటలమ్మను అమ్మవారిగా భావించి మందుకు వెనకాడే ఇళ్లున్నాయి. వేపాకుతో పాటు వైద్యుడి సలహా కూడా తీసుకోమని ఒప్పించడం అంగన్‌వాడీ టీచరు పని. నోట్లో, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు వచ్చే జబ్బు వర్షాకాలంలో తరచూ కనిపిస్తుంది. ఎక్కువగా దానంతట అదే తగ్గుతుంది, కానీ ఆటవస్తువుల ద్వారా త్వరగా పాకుతుంది. విరేచనాలకు ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు. తిండి ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడిగించడం వీటన్నిటికీ తొలి అడ్డుగోడ.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి.

ప్రమాదాలు, ప్రథమ చికిత్స

మూతలేని సంపు, నీళ్లు నింపిన బకెట్, గేటు లేని వాకిలి, ఊడిన స్విచ్‌బోర్డు రోజూ ఉదయం చూసుకోవలసినవి. కాలినచోట ఇరవై నిమిషాలు చల్లని నీటిధార పోయాలి. టూత్‌పేస్టు, సిరా, కాఫీపొడి పూయకూడదు. కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు ధార కింద కడిగి, అదేరోజు టీకాకు తీసుకెళ్లాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. 2005 ఆగస్టు 15న తెలుగునేల మీద మొదలైన 108 అంబులెన్సు నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పితీరాలి. సంస్థ బాధ్యుడు దాస్తే ఏడాది దాకా జైలు పడవచ్చు. బాలల సహాయ నంబరు 1098.

సిబ్బంది

2013 నాటి జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానం మూడేళ్లు దాటిన ఇరవై మందికి, అంతకంటే చిన్నవారు పది మందికి ఒక పెద్ద మనిషి ఉండాలంటుంది. ముప్పై మందికి కనీసం 35 చదరపు మీటర్ల గది అడుగుతుంది. ప్రధాన కేంద్రంలో ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు. ఆయా వండుతుంటే టీచరు పిల్లల్ని చూస్తారు. టీచరు సమావేశానికో సర్వేకో వెళ్లినా, రికార్డులూ ఫోన్ నమోదుల్లో మునిగినా ఈ లెక్క తప్పుతుంది.

చిన్న ఆవాసాల్లోని మినీ కేంద్రాల్లో ఆయా పోస్టే లేదు. వంట, పాఠం, తూకం, కాపలా అన్నీ ఒక్క మనిషే చేయాలి. మంజూరైన లెక్క ప్రకారం ఇలాంటివి ఆంధ్రప్రదేశ్‌లో 6,837, తెలంగాణలో 3,989 ఉండేవి. వీటిలో చాలా కేంద్రాలు ఆదివాసీ గూడేల్లో, తండాల్లో ఉన్నాయి. ఆసుపత్రి దూరంగా ఉండేదీ అక్కడే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తన మినీ కేంద్రాలన్నిటినీ ప్రధాన కేంద్రాలుగా మార్చాలని నిర్ణయించింది. బోర్డు మార్చినంత మాత్రాన ఆ నిర్ణయం నెరవేరదు. ప్రతి కేంద్రంలో పొయ్యి దగ్గర ఒకరు, పిల్లల దగ్గర మరొకరు ఉండేలా ఆయాను నియమించి, ఖాళీలను వెంటవెంటనే నింపాలి. పైన చెప్పిన జాగ్రత్తల్లో చాలావాటి అమలు ఆ రెండో మనిషి ఉండటం మీదే ఆధారపడి ఉంది.